వసంతసభలో రెండు చేతులు

పారిజాతగిరిలో వసంతోత్సవం నాడు రాజవీధుల్లో నేల కనబడదు, పూలే కనబడతాయి. ఏడంతస్తుల మేడల మీది నుంచి కుంకుమపువ్వు కలిపిన పన్నీరు చల్లుతుంటే కింద నడిచేవాళ్ళు తలదాచుకోరు సరికదా, నోళ్ళు తెరుచుకుని మరీ నిలబడతారు. ఏనుగుల కుంభస్థలాల మీద నెమలికన్నుల కుచ్చులు, దంతాలకు బంగారు పొన్నులు. గుర్రాల మెడల్లో మల్లెదండలు వేస్తే, దీని దండ అది, దాని దండ ఇది మేసేస్తాయి. కోటలోని చంద్రకాంత మండపంలో స్తంభానికొక రంగు పట్టు చుట్టి, సాయంత్రానికి వసంతసభ తీర్చడం తాతముత్తాతల నాటి ఆచారం.

ఇంత సంబరంలోనూ రాజవీధిన పోతున్న ఒక పల్లకిలోని పిల్ల ముఖాన పండుగ కళ లేదు. ఆమె పేరు మరాళిక. మూడు బుర్రల కిన్నెర ఒళ్ళో పెట్టుకుని మీటిందంటే ఏడ్చే పసిపిల్లలు ఊరుకుంటారనీ, ఊరుకున్న ముసలివాళ్ళు ఏడుస్తారనీ దేశమంతా పేరు. ఆ పేరే ఆమె కొంప ముంచింది.

నల్లకొండల మీద శూన్యదుర్గంలో ఉల్కాక్షుడనే మాంత్రికుడు ఉన్నాడు. కోరిన రూపం ధరించగల విద్య వాడిది. ఎక్కడో ఒక సభలో మరాళిక పాట విన్నాడు. అంతే, మతి పోయింది. మతి పోయినవాడు మర్యాదగా తలుపు తట్టి తాంబూలం పంపే రకమైతే ఏ గొడవా లేదు. వీడు తలుపు తట్టే రకం కాదు. తాళం వేసిన గదిలో ఆమె దిండు మీద నల్లకలువ ఉండేది. మడత చీర విప్పితే నల్లకలువ. బియ్యపు కుండలో చెయ్యి పెడితే నల్లకలువ. వాడు పక్కింటి ముసలమ్మలా వచ్చాడో, గోడ మీద బల్లిలా వచ్చాడో ఎవరికీ తెలిసేది కాదు. ఒకనాటి ఉదయం ఆమె పెంచుకునే గోరువంక పంజరంలోంచి బొంగురు మగగొంతుతో, "వసంతసభ నాడు పొద్దు గుంకగానే నిన్ను నా కోటకు ఎత్తుకుపోతాను. పాడే రాతిబొమ్మను చేసి నా మంచం పక్కన నిలబెట్టుకుంటాను. ఇకమీదట నీ పాట నేనొక్కణ్ణే వింటాను" అని చెప్పి, వెంటనే తన సొంత గొంతుతో "జామపండు! జామపండు!" అని అరిచింది.

మరాళికకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు ఏడ్చింది. తరువాత జామపండు పెట్టింది.

ఈ వేళే ఆ వసంతసభ. పల్లకి మలుపు తిరిగింది.

"అమ్మగారూ, పట్టుకోండి! మలుపు!"

హెచ్చరిక మలుపు తిరిగాక వచ్చింది. మరాళిక కిన్నెరతో సహా ఒక మూలకు జారిపోయింది. ఎదుటి మూలన బరువుకు బరువుగా కూర్చున్న ఆమె మేనత్త కస్తూరిసాని, నోట్లో తమలపాకుల ముద్ద పక్కకు తోసి, "ఒరే పోతా! పల్లకి మోస్తున్నావా, తెడ్డేస్తున్నావా?" అని కేకవేసింది.

"మోస్తున్నానండమ్మా. రెండో భుజానికి మార్చుకోమంటారా?"

"నిన్న మార్చుకున్నావుగా, ఏమైంది?"

"అటు ఒరిగిందండమ్మా."

మరాళిక ఇన్ని దిగుళ్ళ మధ్యా ఫక్కున నవ్వింది. పోతడు కొత్త బోయీ. తక్కిన ముగ్గురికన్నా బాగా పొడుగు. బోయీలందరూ "ఓహోం" అంటే వీడు "ఓహో" అని ఆగి, ఒకరి కాలు తొక్కి, అప్పుడు "ఓం" అంటాడు. ఏ బోయీకైనా భుజాన కాయలుంటాయి, వీడికి బొబ్బలున్నాయి. ఎందుకుండవు? పోతడి అసలు పేరు జయంధరుడు, సువర్ణకేతు దేశపు యువరాజు. దేశాటనలో ఒకనాడు మరాళిక పాట విని, ఆమెకు ముప్పు ఉందని తెలిసి, కాపలా కాయడానికి వేరే ఉపాయం తోచక పల్లకి కొమ్ము కింద భుజం పెట్టాడు. ఆ సంగతి మనకు తెలుసు గాని మరాళికకు తెలియదు. వాడు పక్కన ఉంటే మాత్రం ఆమెకు భయం తగ్గేది. ఎందుకు తగ్గుతుందో ఆమె ఆలోచించలేదు.

కస్తూరిసాని తెర దించి గొంతు తగ్గించింది. "కొండ మీది సిద్ధుడు చెప్పింది గుర్తుందా?"

"ఉందత్తా. మారురూపంలో ఉన్నవాడికి వేలు చూపి, పేరు పెట్టి పిలవాలి. అప్పుడు వాడి రూపాల విద్య వీగిపోతుంది, మళ్ళీ రాదు."

"వేరేవాణ్ణి చూపిస్తే?"

"ఆ అమాయకుడు అక్కడికక్కడే రాయైపోతాడు."

"అందుకే చెబుతున్నాను, వేలు నీదే కదా అని ఎటుబడితే అటు చూపకు. చెయ్యి చూసుకుని, చెవి పెట్టి విని, అప్పుడు చూపు."

చెయ్యి చూడడమేమిటో చెప్పాలి. పారిజాతగిరిలో పాట వినేవాళ్ళు ఊరికే తల ఊపి ఊరుకోరు. పాట తిరిగి తిరిగి దరువు ముగిసే చోటు ఉంటుంది చూశారూ, ముక్తాయింపు, సరిగ్గా అక్కడ రాజు మొదలు చాకలి దాకా అందరూ కుడిచేత్తో తొడ మీద చరచాలి. దానికి చరుపు అని పేరు. చరచకపోతే పాడినవాళ్ళను అవమానించినట్టు. తప్పుడు చోట చరిస్తే పక్కవాళ్ళు నవ్వుతారు. అక్కడి పసిపిల్లలు మాటలకంటే ముందు చరుపు నేర్చుకుంటారు. ఏ రూపంలో వచ్చినా ఉల్కాక్షుడు చరచక తప్పదు.

కస్తూరిసాని పన్నాగం ఇది. మరాళిక ఒక కొత్త పాట కట్టింది. దాని ముక్తాయింపు మహా తుంటరిది. అయిపోయిందనిపించే చోట అవదు, కాస్త ఆగి అప్పుడు అవుతుంది. మొదటిసారి విన్నవాడు ఎంతటి విద్వాంసుడైనా ముందే చరుస్తాడు. ఆ పాటను ఆమె ఏ సభలోనూ వాయించలేదు. సాయంత్రాలు తన మేడగదిలో తలుపులు వేసుకుని వాయించుకుంది. కనుక సభలో సరైన చోట చెయ్యి వేసేవాడు, తలుపుల సందున పాట దొంగిలించినవాడే అయి ఉండాలి.

"వాడు కావాలని తప్పు వేస్తేనో?" అని మరాళిక మొదట్లో అడిగింది.

"దొంగ నోరు మూసుకోగలడు గాని, పాట పిచ్చివాడు చెయ్యి ఆపుకోలేడే. నాకు తెలియదూ? మీ మామయ్య చచ్చిపోతూ కూడా దరువు వేశాడు" అంది కస్తూరిసాని.

ఎందుకైనా మంచిదని మరాళిక ఈ తెల్లవారుజామున ఇంకో పని చేసింది. ధాన్యపు కొట్లో దూరి, తీగలకు తడిగుడ్డ చుట్టి, గడప దాటి చప్పుడు పోకుండా ఆ పాట చివరి చరణం మార్చింది. ముక్తాయింపుకు మరి రెండు దెబ్బలు చేర్చింది. బయటికి రాబోతే గడప మీద నల్లకలువ ఉంది. ఒళ్ళు జల్లుమన్నా, విన్నాడు కదా అని లోలోపల సంతోషించింది.

తెర పక్కన గుర్రపు డెక్కల చప్పుడు వినబడింది. దండనాయకుడు శూలపాణి. తొడలకు ఇనుప తొడుగులు, నిమ్మకాయలు నిలిచే మీసాలు. పూల బెడద మొదలైనప్పుడు రాజుగారు ఆయన్నే మరాళిక ఇంటి వాకిట కాపలా పెట్టారు.

"ఏమ్మా, ముఖం చిన్నబోయింది? నా కత్తి ఉండగా ఆ మాంత్రికుడు నీ నీడ తొక్కగలడా? నాకు సంగీతం తెలీదు, గాడిద ఓండ్ర పెట్టినా నువ్వు పాడినా ఒకటే. కాని దొంగ వాసన తెలుసు."

"మీ దయ, దండనాయకా" అంది మరాళిక. గాడిద మాట ఆమెకు నచ్చలేదు.

* * *

సభ నిండింది. చక్రధ్వజ మహారాజు సింహాసనం మీద చేరగిలబడి, చరుపు కోసం చెయ్యి ముందే తుడుచుకుంటున్నాడు. ఆయన చెయ్యి ఎప్పుడూ ఆలస్యంగానే పడుతుంది. అదే సరైన చోటన్నట్టు పండితులు తల ఊపుతారు. సింహాసనం పక్కన శూలపాణి నిలబడ్డాడు. మండపం చివర స్తంభాల కింద బోయీలు పల్లకి దించుకుని గొంతుక్కూర్చున్నారు. పడమటి గవాక్షంలోంచి ఎర్రటి ఎండ పొడుగ్గా పడి, మరాళిక కూర్చున్న తివాచీ అంచు దాకా వచ్చింది. ఆ ఎండ ఆరిపోయేలోగా తేలాలి.

ఆమె ఒకసారి పిడికిలి బిగించి విప్పింది. కిన్నెర మీటింది.

పాట సెలయేరు దిగినట్టు దిగింది. ఒకచోట గులకరాళ్ళ మీద గంతులు, ఒకచోట మడుగులో నిలకడ. గట్టుకు చేరబోతుంటే సభంతా చేతులెత్తింది. సరిగ్గా ముగియవలసిన చోట మరాళిక వేలు తీగ మీద ఆగిపోయింది.

ఫెళ్ళుమని సభ చరిచింది. పండితులు చరిచారు, పరివారం చరిచింది, ఈసారికి మహారాజు కూడా అందరితో కలిసి చరిచాడు. అందరిదీ తప్పే. ఆ మోత అణిగాక, ఊపిరి పీల్చి విడిచేంత సేపటికి, ఆమె ఆఖరి స్వరం వదిలింది.

ఠంగుమని సింహాసనం పక్కన ఇనుప తొడుగు మోగింది. ఆ క్షణానే స్తంభం కింద నుంచి, ఛట్టుమని ఇంకో చరుపు.

ఒక చెయ్యి కోసం వల వేస్తే రెండు పడ్డాయి. ఒకటి దండనాయకుడిది. రెండోది పోతడిది.

వాకిట కాపలా కాసే దండనాయకుడు గోడ పక్క నుంచి విని ఉండవచ్చు. పెరటి చావడిలో పడుకునే పోతడూ విని ఉండవచ్చు. ఇద్దరిలో ఒకడు మామూలు మనిషి, ఒకడు తన దిండు మీద పూలు పెట్టినవాడు. కాయలు లేని భుజాలు, అడుగు కలవని నడక, బోయీ కాని బోయీ. ఆలోచించేకొద్దీ అన్నీ పోతడి మీదికే పోతున్నాయి. వాడు కాకూడదని ఆమె ఎంతగా కోరుకుందో, వాడంటే తనకు ఎంత ఇష్టమో అప్పుడు తెలిసింది ఆమెకు. తెలియడానికి మంచి సమయమే చూసుకుంది.

వెనక నుంచి కస్తూరిసాని గిల్లింది. "నేను మొదటి రోజే అనుకున్నాను. పల్లకి మోసే ముఖమేనా అది? చూపవే వేలు, పొద్దు గుంకుతోంది!"

శూలపాణి కూడా మీసం దువ్వుకుంటూ కాస్త వంగాడు. "ఆ బోయీవాణ్ణి చూశావా? రోజూ మీ పెరట్లో గోడకు చెవి ఆనించి కనబడతాడు. వాణ్ణి పట్టుకోమన్నావంటే పట్టుకుంటాను."

మరాళిక చెయ్యి తీగల మీది నుంచి లేవబోయింది. సగం లేచింది. స్తంభం కింద పోతడు అందరూ తప్పిన చోట తాను నెగ్గానన్న సంబరంతో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. రాయైతే ఆ నవ్వు అలాగే ఉండిపోతుంది.

ఆమె చెయ్యి మళ్ళీ తీగల మీదికే వచ్చింది. "తొందరపడకండి దండనాయకా. ఇంకో చరణం ఉంది. మధ్యలో ఆపితే కిన్నెర అలుగుతుంది."

ఎండ తివాచీ దాటి వెనక్కి పోయింది. గవాక్షంలో ఒక ఎర్రటి గీత మిగిలింది. చరణం ముగింపుకు వచ్చింది. ఒకసారి నవ్వులపాలైన సభ ఈసారి చేతులు గాలిలో పెట్టుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటోంది. పాట ఆగింది. ఊపిరి పీల్చి విడిచేంత సేపు గడిచింది.

ఛట్!

పోతడి చెయ్యి ఒంటరిగా, గట్టిగా, పాత చోట పడింది. సభ గొల్లుమంది. పోతడు నాలుక కరుచుకున్నాడు. ఆ నవ్వు మీదుగానే మరాళిక తెల్లవారుజామున చేర్చిన రెండు దెబ్బలూ వాయించి, ఆఖరి స్వరం మీటింది.

ఠంగు!

ధాన్యపు కొట్లో తడిగుడ్డ కింద మాత్రమే మోగిన స్వరం అది. మరాళిక చివాలున లేచి నిలబడింది. భయమంతా ఎటు పోయిందో గాని కోపం మాత్రం అరికాలి నుంచి నడినెత్తికి ఎక్కింది. దండనాయకుడి మీసాల మధ్యకు వేలు చూపి, "ఉల్కాక్షా! పాట వినేవాడు ఎదురుగా కూర్చుని వింటాడురా. బియ్యం బస్తాల సందున దాక్కుని వినడు!" అంది.

శూలపాణి మీసాలు రెండూ రాలి కింద పడ్డాయి. ఇనుప తొడుగులు వదులై జారిపోయాయి. అంత ఆజానుబాహువూ కరిగి కరిగి, చీపురుకట్ట జుట్టూ, గుండ్రటి పచ్చకళ్ళూ ఉన్న బక్కమనిషిగా తేలాడు. సభలో ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. మహారాజు సింహాసనం మీదికి కాళ్ళు ముడుచుకున్నాడు.

"మా దండనాయకుణ్ణి ఏం చేశావురా?" అని అక్కడి నుంచే గద్దించాడు.

"నా కోటలో పిండి విసురుతున్నాడు. బాగా విసురుతాడు" అన్నాడు ఉల్కాక్షుడు. తరువాత మరాళికకేసి తిరిగి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నీ పాటను నాకంటే ప్రేమించినవాడు ఈ లోకంలో ఉన్నాడా? సభంతా తప్పింది. నేను ఒక్కసారైనా తప్పానా?"

"పాటను ప్రేమించేవాడు పాడేదాన్ని బతకనిస్తాడు. నీ మూలాన నా ఇంట్లో నేను దీపం ఆర్పి నిద్రపోయి ఎన్నాళ్ళైందో తెలుసా?"

వాడి కన్నీళ్ళు అక్కడికక్కడే ఇంకిపోయాయి. "రూపాలు పోతే పోయాయి. రెక్కలు పోలేదుగా!" అని రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు.

పట్టుపందిరి పర్రున చిరిగింది. ఏనుగును తన్నుకుపోగల గండభేరుండం, రెండు తలలతో రెండు పక్కలా చూస్తూ మండపంలోకి దిగింది. దాని రెక్కల గాలికి దీపాలన్నీ ఆరాయి, పండితుల తలపాగాలన్నీ లేచాయి. ఉల్కాక్షుడు దాని మెడ మీదికి ఎగిరి కూర్చున్నాడు. పక్షి గోళ్ళు చాచి మరాళిక మీదికి వంగింది.

ఆ గోళ్ళకూ ఆమెకూ మధ్యకు ఒక పల్లకి వచ్చి పడింది. పల్లకి వెనక పోతడు. వాడొక్కడే దాన్ని ఎత్తి విసిరాడు. రెండో దూకులో కింద పడి ఉన్న దండనాయకుడి కత్తి అందుకుని పక్షి కాలి మీద ఒక్క వేటు వేశాడు. గండభేరుండం బాధతో అరిచి, దొరికినవాణ్ణి దొరికినట్టు నడుము పట్టి ఎత్తుకుంది. మరాళిక ఎగిరి వాడి చెయ్యి పట్టుకుంది. అయినా బొబ్బలెక్కిన ఆ వేళ్ళు ఆమె పిడికిట్లోంచి ఒకటొకటే జారిపోయాయి.

"మరాళికా!" బోయీ యాస పోయి, గాలిలోంచి గంభీరమైన గొంతు వినబడింది. "నేను పోతణ్ణి కాను! సువర్ణకేతు యువరాజు జయంధరుణ్ణి! పల్లకి ఒరిగినందుకు క్షమించు! పాట మాత్రం... గోడ పక్క నుంచి విన్నాను. అదీ తప్పే! అడిగి వినాల్సింది!"

"ముందు బతుకు! తరువాత క్షమిస్తాను!" అని అరిచింది మరాళిక. ఆమెకు తెలియకుండానే కన్నీళ్ళు కారుతున్నాయి.

పక్షి మెడ మీది నుంచి ఉల్కాక్షుడు వంగి చూశాడు. "రేపు పొద్దు గుంకేలోగా కిన్నెరతో నువ్వే నడిచి నా దుర్గానికి రా. రాకపోతే బొమ్మయ్యేది వీడు!"

గండభేరుండం నల్లకొండలకేసి చుక్కలా తగ్గిపోయింది.

సభలో అందరికీ ఒక్కసారిగా మాటలు వచ్చాయి. మహారాజు కాళ్ళు కిందికి దించి, "సైన్యం కదలాలి!" అన్నాడు. ఆస్థాన జ్యోతిష్కుడు వేళ్ళు మడిచి, ఎల్లుండి మధ్యాహ్నం దాకా దండు వెళ్ళడానికి మంచి ఘడియ లేదన్నాడు. మంత్రి, అసలు దండనాయకుడు పిండి విసురుతుండగా దండును ఎవరు నడపాలని సందేహం లేవదీశాడు. ఆ సందేహం తేలేసరికి ఎన్నాళ్ళు పడుతుందో అందరికీ తెలుసు.

మరాళిక కిన్నెరను పైటకొంగుతో వీపుకు కట్టుకుంది. మండపం మెట్ల దగ్గర మల్లెదండ నములుతున్న తెల్లగుర్రం కళ్ళెం పట్టుకుంది.

"ఎక్కడికే?" కస్తూరిసాని గుండె బాదుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "వాడు నిన్నే కోరుతున్నాడు. నీ అంతట నువ్వు వెళితే వాడికి పండుగ కాదూ?"

"వాడు కోరినట్టు వెళ్ళను అత్తా. నాకు తోచినట్టు వెళతాను."

"భయం లేదటే?"

"ఉంది. ఇంట్లో కూర్చున్నా ఉంది. తోవలో ఉంటే కాస్త గాలైనా తగులుతుంది."

కస్తూరిసాని మొలలోని ఆకుల సంచి తీసి మేనకోడలి చేతిలో పెట్టింది. ఆ సంచి ఆవిడ ఇంతకుముందు ఎవరికీ ఇచ్చి ఎరగదు.

తెల్లగుర్రం పూలవీధుల వెంట పన్నీరు చిందించుకుంటూ దౌడు తీసింది. ఉత్తరపు కోటద్వారం దగ్గర ముసలి కావలివాడు తలుపులు మూయబోతూ, ఒంటరిగా దూసుకొస్తున్న ఆడపిల్లను చూసి గాభరాపడ్డాడు. ఈటె అందుకుని ఆమె వెనక చీకటి పడుతున్న వీధిలోకి తొంగిచూశాడు.

"ఏమైంది తల్లీ? ఎవడైనా వెంటపడుతున్నాడా?"

మరాళిక వెనక్కి తిరిగి చూడలేదు.

"లేదు తాతా. ఈసారి నేనే ఒకడి వెంటపడుతున్నాను. తలుపు తియ్యి."

కావలివాడు తలుపు తీశాడు. గుర్రం నల్లకొండల దారి పట్టింది.